తునికి కొమ్మ కొట్టిన నేరం

ఈమధ్య ప్రతి విశ్వవిద్యాలయంలోనూ పర్యావరణ అధికారి అని ఒక కుర్చీ వేస్తున్నారు. అలాంటి కుర్చీలో కూర్చోబోయే కుర్రవాళ్ళు ముగ్గురు పోయిన నెల కామారెడ్డిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఉద్యోగం ఎలా ఉంటుంది సార్ అని అడిగారు. చాయ్ ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపాను. వాళ్ళు గేటు దాటగానే నాకు సిగ్గేసింది. ఆ నాలుగు మాటల్లో ఒక్కటీ నిజం కాదు. అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను, చదువుకోండి.

నేను ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసింది కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు పక్కన ఉన్న ఒక క్యాంపస్‌లో. దాని పేరు రాయను. పేరు తెలిసి మీరు చేసేదేమీ లేదు, అలాంటివి ఊరికొకటి ఉన్నాయి. తోటల సూపర్‌వైజర్‌గా చేరాను, పర్యావరణ అధికారిగా దిగిపోయాను. మధ్యలో జీతం పెరిగింది, పొట్ట పెరిగింది. తెలివి పెరిగిందని మాత్రం గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను.

ప్రమోషన్ల గొడవ, ఫైళ్ళ గొడవ ఎత్తను. నేను చెప్పదలచుకున్నది ఒక మనిషి సంగతి. ఆమె పేరు సాయవ్వ. మా క్యాంపస్‌లో ఊడ్చే కాంట్రాక్టు మనిషి. చేయని తప్పుకు నేను ఆమె ఉద్యోగం పోగొట్టాను. అది ఎలా జరిగిందో తెలియాలంటే, ముందు మేం అక్కడ పర్యావరణం పేరిట ఏం వెలగబెట్టామో తెలియాలి.

గేటు దగ్గర గుంత

ఏటా వానలు మొదలవగానే ఒక పెద్దమనిషి వచ్చి మొక్క నాటాలి. ఎక్కడ నాటాలన్నది మొక్క కోసం ఆలోచించి తేల్చేది కాదు. ఫొటోలో క్యాంపస్ ద్వారం పూర్తిగా పడాలి, దాని మీద పేరు చదవగలిగేట్టు ఉండాలి. అలా పడే చోటు ఒక్కటే. కాబట్టి ప్రతి ఏడూ గుంత అక్కడే.

మా తోటమాలి మల్లయ్య మొదటి ఏడే నాకు చెప్పాడు. "సారు, మూరెడు తవ్వితె కింద అంత బండనే ఉన్నది. ఏది పెట్టినా సస్తది. జర అవతలికి జరుగుదాం."

నేను ఆ మాట డైరెక్టర్ గారికి చేరవేశాను. అవతలికి జరిగితే ఫొటోలో ద్వారం సగమే వస్తుందన్నారు. అలా ఆ గుంతలో అయిదేళ్ళు అయిదుగురు పెద్దమనుషులు నాటిన అయిదు మొక్కలు చచ్చిపోయాయి. ఆరో ఏడు ఆరో పెద్దమనిషి వస్తే మల్లయ్య కొత్తగా తవ్వను కూడా లేదు. చచ్చిన మొక్కను లాగేసి, మట్టి కాస్త వదులు చేసి, ముగ్గు వేయించాడు. పెద్దాయన నీళ్ళు పోస్తూ, ఈ మొక్క మహావృక్షమై మీకు నీడనివ్వాలి అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేను అందరికంటే గట్టిగా కొట్టాను.

ఇక మా డైరెక్టర్ గారు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఆయనకు ఉత్సాహం ఎక్కువ, చెట్ల గురించి తెలిసింది తక్కువ, తెలియదని ఎవరైనా చెబితే వినే ఓపిక అసలు లేదు. ఆరు నెలల్లో క్యాంపస్ అంతా పచ్చగా కనిపించాలని ఒకరోజు హుకుం జారీ చేశారు. అంత తొందరగా పెరిగేది కోనోకార్పస్ ఒక్కటే. లారీల మీద తెప్పించి రోడ్లకు రెండు వైపులా బారులు తీర్చాం.

మల్లయ్య ఒక ఆకు నలిపి వాసన చూసి, "ఇది మేకలు గూడ ముట్టయి సారు. పిట్ట గూడ గూడు పెట్టది. గిదేం చెట్టు?" అన్నాడు.

డైరెక్టర్ గారు విని నవ్వారు. "మేకలు ముట్టకపోవడమే కదయ్యా దాని గొప్పతనం!"

ఆ గొప్పతనం నాలుగేళ్ళలో తెలిసొచ్చింది. ఆ చెట్లు ఎగబాకి, రోడ్డు పక్కన మేమే పెట్టిన సౌర దీపాల పలకలను కమ్మేశాయి. పలక మీద ఎండ పడదు, రాత్రి దీపం వెలగదు. ఆడపిల్లలు చీకట్లో హాస్టల్‌కు నడవలేకపోతున్నామని గోల చేశారు. చివరికి పర్యావరణ దినోత్సవం ముందురోజు రంపాలు పెట్టి చెట్ల తలలు నరికించాం. మర్నాడు ఆ మోడుల మధ్యే ఊరేగింపు తీసి, చెట్లను కాపాడుదాం అని పిల్లల చేత అరిపించాం. ఈ రెండు పనులకూ సంతకం నాదే.

నవ్వుకోండి, తప్పులేదు. కానీ ఇవి చిన్న తప్పులు. చచ్చింది మొక్కలే, నరికింది చెట్లనే. కొత్తగా చేరేవాళ్ళు ఇలాంటి వాటికి గుండెలు బాదుకుని, అసలు తప్పు దగ్గర కళ్ళు మూసుకుంటారు. నేను అదే చేశాను.

పటంలో ఖాళీ స్థలం

మా హాస్టళ్ళ వెనక నుంచి గుట్ట దాకా క్యాంపస్ భూమి ఉంది. నిండా తునికి, మోదుగ, సీతాఫలం, రేగు. నెమళ్ళు తిరిగేవి. ఆఫీసులో వేలాడదీసిన పటంలో మాత్రం ఆ భాగమంతా తెల్లగా వదిలి, ఖాళీ స్థలం అని రాశారు. పిల్లలకు అడవి చూపించాలంటే రెండు బస్సులు మాట్లాడి పోచారం అభయారణ్యానికి తీసుకుపోయేవాళ్ళం. హాస్టల్ కిటికీ తెరిస్తే కనిపించేదాన్ని చూపించడానికి అంత డీజిల్ కాల్చాం.

ఆ ఖాళీ స్థలానికి అవతల, గుట్ట వెనక ఊరిది సాయవ్వ. అప్పటికి ఆమెకు నలభై దాటి ఉంటాయి. భర్త గల్ఫ్ పోయి అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో అత్త, చదువుకునే కూతురు, ఇల్లంతా ఆమె మీదే నడిచేది. చిన్నప్పటి నుంచి చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టిన మనిషి. ఎవరో చెబితే కాంట్రాక్టరు దగ్గర చేరి మా బ్లాకులు ఊడ్చే పని సంపాదించుకుంది. ఒకసారి వరండాలో చీపురు పట్టుకుని నిలబడి నాతో అంది:

"చాట ఒళ్ళ పెట్టుకోని కూసుంటె నడుము ఇరిగిపోతుండె సారు. తంబాకు దుమ్ముకు దగ్గు. ఈ పని దొరికినంక మనిషినయిన. ఇది ఒక్కటి ఉంటె సాలు, మల్ల చాట ముంగట కూసోను."

నేను తలూపి వెళ్ళిపోయాను. ఆ మాట అప్పుడు నాకు మామూలు మాటగానే వినబడింది.

శివరాత్రి వెళ్ళి హోలీ ఇంకా రాని రోజులు. గుర్తింపు ఇచ్చే కమిటీ ఒకటి వారంలో తనిఖీకి రాబోతోంది. డైరెక్టర్ గారు నన్ను పిలిచి, "ఆ వెనక భాగాన్ని జీవవైవిధ్య వనం అని చూపిద్దాం, ఒకసారి చూసి రండి" అన్నారు. నిన్నటిదాకా ఖాళీ స్థలం, ఇవాళ వనం. మల్లయ్యను వెంటబెట్టుకుని వెళ్ళాను. అక్కడ ఆరేడుగురు ఆడవాళ్ళు కొడవళ్ళతో తునికి పొదల్ని నేల మట్టానికి నరికేస్తున్నారు. అందరికంటే ముందు సాయవ్వ. పొద్దుటి ఊడ్చే పని ముగించుకుని వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఉంది.

నా కళ్ళు ఎర్రబడ్డాయి. "ఏం చేస్తున్నవ్ సాయవ్వా? చెట్లన్నీ నరుకుతున్నవేంది?"

ఆమె ఏమాత్రం బెదరలేదు. దాచుకునే పని కాదు కదా. "కొమ్మ కొడుతున్నం సారు. ఏటా కొడుతం. ఇప్పుడు నేలకు కొడితెనే ఎండకాలం లేతాకు వస్తది. కొట్టకుంటె ముదురాకు, తూట్లాకు. బీడీకి పనికి రాదు."

"చెట్ల గురించి నాకు చెప్తున్నవా?" అన్నాను.

నిజానికి చెప్పాల్సింది ఆమే. నేను మాచారెడ్డి రైతుబిడ్డను. వరి తెలుసు, చెరకు తెలుసు, చదువుకున్న చదువు వల్ల గులాబీ, క్రోటన్ తెలుసు. తునికి గురించి నాకు తెలిసింది సున్నా. మేం పొలం ఉన్నవాళ్ళం, తునికాకుకు పోయేవాళ్ళు వేరే. చిన్నప్పుడు వాళ్ళు మా చేను గట్టు మీదుగా మూటలు నెత్తిన పెట్టుకుని పోతుంటే చూశాను కానీ, ఆ ఆకు ఎలా వస్తుందని ఒక్కనాడూ అడగలేదు. అడగవలసిన అవసరం ఉందని కూడా మా ఇళ్ళలో ఎవరికీ అనిపించదు.

ఫోన్ తీసి ఫొటో కొట్టాను. ఆమె నా వైపే చూస్తూ, కొడవలి చేతిలో పట్టుకుని, ముఖం స్పష్టంగా పడింది. ఆఫీసుకు పోయి మెమో రాశాను. క్యాంపస్ వృక్ష సంపదను ధ్వంసం చేస్తూ పట్టుబడింది అని రాశాను. పట్టుబడింది! పట్టపగలు, నా ముందు, నాకు పాఠం చెబుతూ నిలబడ్డ మనిషి. మర్నాడు కాంట్రాక్టరు ఆమెను తీసేశాడు. కారణం అడగడానికి ఆమె ఆఫీసుకు వస్తే, సారు బిజీగా ఉన్నారని బయటి నుంచే పంపించేశారు. నేను లోపలే ఉన్నాను. కమిటీ కోసం నివేదిక రాయిస్తున్నాను.

కమిటీ వచ్చింది. చీకటి చేసిన హాల్లో పెద్ద తెర మీద ఆ ఫొటో వేశాం. జీవవైవిధ్యానికి ముప్పు అని శీర్షిక. దాని తర్వాత, ఆ వారంలోనే హడావిడిగా ఆ భూమి చుట్టూ వేయించిన కొత్త ఇనుప కంచె ఫొటో. ముప్పు నుంచి రక్షణ అని శీర్షిక. అయిదుగురు సభ్యులూ తలలూపారు. మధ్యాహ్నం పర్యావరణ హితమైన భోజనం అని వాళ్ళకు మోదుగ విస్తళ్ళలో వడ్డించాం. ఆ విస్తళ్ళు కామారెడ్డి మార్కెట్‌లో కొన్నవి. ఎక్కడో ఎవరో ఆడవాళ్ళు ఏ అడవిలోనో కొమ్మ వంచి ఆకు కోసి కుట్టినవి. కంచె లోపల ఉన్నదీ ఆ మోదుగే, కంచె బయటికి నెట్టిందీ అలాంటి ఆడవాళ్ళనే అని మాలో ఒక్కడికీ తోచలేదు. పప్పు బాగుందని మాత్రం అందరం అనుకున్నాం.

గులాబీలు కత్తిరించిన రోజు

దసరా వెళ్ళగానే డైరెక్టర్ గారి బంగళా ముందు గులాబీలను కత్తిరించడం నాకు ఇష్టమైన పని. ఆ ఏడు పర్యావరణ క్లబ్బు పిల్లల్ని కూడా పిలిచాను. పాతికమంది చుట్టూ నిలబడ్డారు. మల్లయ్య బుట్ట పట్టుకుని పక్కన ఉన్నాడు. నేను కత్తెర ఆడిస్తూ ఉపన్యాసం మొదలుపెట్టాను.

"చూడండి, కత్తిరిస్తే మొక్కకు హాని అనుకుంటారు తెలియనివాళ్ళు. కత్తిరించకపోతేనే హాని. కొమ్మ ముదిరిపోతుంది, ఆకుకు తెగులొస్తుంది. కాలం చూసి కిందికి కొడితే లేత చిగుళ్ళు వస్తాయి. ఏ కాలంలో కొట్టాలో తెలిసినవాడే తోటమాలి."

మల్లయ్య నింపాదిగా అన్నాడు: "సాయవ్వ గూడ గదే చెప్పింది గద సారు."

అతను ఎగతాళికి అనలేదు. మల్లయ్యకు ఎగతాళి రాదు. ఒకే మాట ఇద్దరు చెప్పారు కాబట్టి గుర్తొచ్చింది, అంతే. పిల్లల్లో ఒకమ్మాయి సాయవ్వ ఎవరు అని అడిగింది.

"నువ్వు బుట్ట పట్టుకో మల్లయ్యా, చాలు" అన్నాను.

ఆ క్షణానే నాకు తెలిసిపోయింది. నేను చేస్తే ఉద్యానశాస్త్రం, ఆమె చేస్తే నేరం. నా చేతిలో ఉంటే కత్తెర పనిముట్టు, ఆమె చేతిలో ఉంటే కొడవలి ఆయుధం. ఏటా ఇదే పని చేసే చేత్తో ఆమె మీద మెమో రాశాను. తెలియక రాశానని ఇక చెప్పుకోవడానికి లేదు. ఆ వారమే డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్ళాను. వెళ్ళాననే చెప్పుకోవాలి, ఎందుకంటే అంతకు మించి చేసిందేమీ లేదు.

"సార్, ఆ ఊడ్చే మనిషి విషయంలో పొరపాటు జరిగింది" అన్నాను.

"ఏ పొరపాటు?"

"ఆ నరకడం హాని కాదట సార్. ఏటా చేసే పద్ధతేనట."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "కమిటీకి ఇచ్చిన నివేదికలో మొదటి పేజీ ఏమిటి?"

"ఆ ఫొటోనే సార్."

"మరి ఆ పేజీ తప్పు అని మీరే రాసిస్తారా? ఫలితం ఇంకా రాలేదు."

నేను రాసివ్వలేదు. ఫలితం రానీ, తర్వాత చూద్దాం అనుకున్నాను. ఫలితం వచ్చాక ఇంకేదో వచ్చేదాకా అనుకున్నాను. పిరికివాడికి ముహూర్తాలకు కొదవ లేదు. మా డైరెక్టర్‌ను తిట్టుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను కానీ, ఆయన నా చేయి పట్టుకుని ఆపలేదు. ఒక ప్రశ్న అడిగారు, నేను ఆగిపోయాను.

మంట

కంచె వేసిన రెండో వేసవి. లోపలికి మేక పోలేదు, మనిషి పోలేదు, కొడవలి పోలేదు. వానాకాలం గడ్డి నడుము ఎత్తు పెరిగి, చలికాలానికి ఎండి, అగ్గిపుల్లల్లా నిలబడి ఉంది. తునికి పొదలు ముదిరి, ఎండుటాకులు కింద మందంగా పరుచుకున్నాయి. దాన్నే మేం వచ్చిన అతిథులకు చూపించి, మానవ ప్రమేయం లేని సహజ వనం అని మురిసిపోయేవాళ్ళం. మార్చిలో ఒక మధ్యాహ్నం అది అంటుకుంది. ఎలా అంటుకుందో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

గాలి హాస్టళ్ళ వైపు ఉంది. పొగకు ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని బయటికి పరుగెత్తుకొచ్చారు. కామారెడ్డి నుంచి ఫైరింజన్ రావాలి. మేం ఆఫీసు వాళ్ళం ఫోన్లు పట్టుకుని ఒకరికొకరం చెప్పుకుంటున్నాం. అంతలో గుట్ట వైపు కంచె ఊగింది. ఊరివాళ్ళు ఆ ఇనుప కంచెను తొక్కి వంచి దాటుతున్నారు. పచ్చి కొమ్మలు విరిచి మంట అంచున కొడుతున్నారు. ముందు వరసలో ఆడవాళ్ళే. వాళ్ళలో సాయవ్వ ఉంది. కొంగు ముక్కుకు కట్టుకుని, మంటకు ఎదురుగా కాకుండా పక్కనుంచి వస్తూ, ఎటు కొట్టాలో మిగతావాళ్ళకు కేకవేసి చెబుతోంది. ఫైరింజన్ వచ్చేసరికి ఆర్పాల్సింది సగం ఆర్పేశారు. హాస్టల్ గోడకు పది గజాల దూరంలో మంట ఆగింది.

ఆమె నా పక్కనుంచే వెళ్ళింది. జుట్టు కొసలు కమిలి ఉన్నాయి. నన్ను చూసి ఆగి, ఒక్క మాట అంది:

"కొమ్మ కొట్టనిస్తె గింత కాలకపోతుండె సారు."

ఆమె వెళ్ళిపోయింది.

మర్నాడు ప్రమాద నివేదిక తయారైంది. సమీప గ్రామస్థుల అజాగ్రత్త వల్ల అని రాశారు. కంచె ధ్వంసం చేసి లోపలికి చొరబడ్డారు అని కూడా రాశారు. ఆర్పడానికి చొరబడ్డారన్న మాట రాయలేదు. చదివాను. కింద నా హోదా రాసి చుక్కల గీత పెట్టి ఉంది. సంతకం చేశాను.

దొంగతనం కంటే హీనమైన పని ఇది. దొంగకు ఆకలో ఆశో ఉంటుంది. నాకు ఉన్నదల్లా కుర్చీ కదలకూడదన్న భయం. ఆ కుర్చీని కదిలించే ఆలోచన కూడా ఎవరికీ లేదు. నన్నెవరు పట్టించుకుంటారు? చదువుకున్నవాడి పిరికితనానికి ఎంత తక్కువ కారణం చాలునో చెబుతున్నాను.

కాలిన నేలలోంచి ఆ వేసవే తునికి చిగిర్చింది. సాయవ్వ కొడవలి చేయవలసిన పని నిప్పు చేసింది. ఎర్రటి లేతాకు, ఒక్క తూటు లేదు. కంచె మళ్ళీ నిలబెట్టాం కాబట్టి కోసేవాళ్ళు లేరు. డైరెక్టర్ గారు ఆ చిగుళ్ళ ఫొటో తీయించి, మా సంరక్షణ ఫలితం అని వేయించారు. తర్వాతి ఏడు నాకు ఉత్తమ పర్యావరణ అధికారి అని ఒక శాలువా కప్పారు. వేదిక మీద చదివిన ప్రశంసలో మొదటి వాక్యమే ఆ కంచె గురించి. శాలువా మంచిదే, చలికాలం మా ఆవిడ కప్పుకుంటోంది.

కాగితం

నా రిటైర్మెంట్‌కు నెల రోజులు ఉందనగా డైరెక్టర్ మారారు. కొత్తగా వచ్చిన మేడం నెమ్మదస్తురాలు. ఒకరోజు పొద్దున్నే వెళ్ళి, రెండు పేజీలు రాసి ఆమె ముందు పెట్టాను. మెమో తప్పు, నివేదిక మొదటి పేజీ తప్పు, ప్రమాద నివేదికలో నా సంతకం తప్పు అని రాశాను. ఆమె రెండుసార్లు చదివారు.

"ఇప్పుడెందుకండీ ఇది? నెలలో వెళ్ళిపోతున్నారు కదా."

"అందుకే మేడం."

ఆమెకు అర్థమైంది. ఇప్పుడు నాకు పోయేదేమీ లేదని ఆమె ముఖంలోనే కనిపించింది. అయినా మంచి మనిషి, దెప్పలేదు. కాంట్రాక్టరును పిలిపించి సాయవ్వను తిరిగి తీసుకోమన్నారు. వెనక భూమిలో కొమ్మ కొట్టడానికీ ఆకు కోయడానికీ ఊరివాళ్ళను రానివ్వాలని ఒక ఉత్తర్వు కూడా ఇచ్చారు. అన్నీ కలిపి రెండు రోజుల పని. దీనికోసం నేను ఎన్ని పండుగలు దాటించానో లెక్క చూసుకుంటే నా మీద నాకే ఉమ్మేయాలనిపించింది.

ఆ కాగితం పట్టుకుని సాయవ్వ ఇంటికి వెళ్ళాను. నిజం చెబుతున్నాను, కాస్త హుషారుగానే వెళ్ళాను. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందని, నేను వద్దు వద్దు అంటానని దారిలో ఊహించుకున్నాను కూడా.

ఆమె ఇంటి ముందు పందిరి కింద కూర్చుని ఉంది. ఒళ్ళో చాట. చాటలో కత్తిరించిన ఆకు, తంబాకు. మళ్ళీ కూర్చోనన్న చోటే కూర్చుంది. నన్ను చూడగానే చాట పక్కన పెట్టి లేచింది, లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది, నీళ్ళిచ్చింది. లేచేటప్పుడు ఒక చేయి నడుముకు ఆనించుకుంది. దగ్గు ఆపుకుని, "కూసోండ్రి సారు" అంది.

కాగితం ఇచ్చాను. కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"నా తప్పు లేదని రాసిండ్రు" అంది.

"అవును సాయవ్వా. తప్పు నాదే. అదే రాసిచ్చిన."

"రాసిందెన్నడు?"

"మొన్న."

"నా తప్పు లేదని మీకు ఎరుకైంది ఎన్నడు?"

అంత సూటిగా ఏ కమిటీ నన్ను అడగలేదు. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. మొన్ననే తెలిసింది అంటే సరిపోయేది. కానీ ఆమె నా ముఖంలోకి చూస్తోంది.

"మూడేండ్లయితది" అన్నాను. "తీసేసిన ఏడే, దసరా పోయినంక."

ఆమె చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. ఆకు ఒకటి పరిచి, తంబాకు వేసి, చుట్టి, కొస మడిచింది. నేను క్షమించు అన్నాను. ఎప్పుడో అనవలసిన మాట, నాకే పేలవంగా వినిపించింది.

"నౌకరికి వస్త సారు" అంది చివరికి. "ఎందుకు రాను? నాదే గద. కనీ ఒక్కటి. సారు వచ్చి మల్ల నౌకరి ఇప్పిచ్చిండని ఆడ ఎవ్వలకు చెప్పకుండ్రి."

సరే అన్నాను. లేచి నిలబడ్డాను. మా వైపు ఇంటికొచ్చిన మనిషి లేస్తే ఇంటివాళ్ళు లేచి గడప దాకా వస్తారు, పగవాడైనా సరే. సాయవ్వ లేవలేదు. చేతిలోని బీడీకి దారం చుట్టి, చాటలో వేసి, ఇంకో ఆకు తీసుకుంది.